పాదుకు రెండు గింజలు

నా చిన్నప్పుడు మా ఊరి పెద్ద ఆసామిని, నూరెకరాల పత్తి చేను ఏలిన మనిషిని, ఊరు ఊరంతా చూస్తుండగా రెండు చింతపిక్కలతో ఓడించిన మొనగాణ్ణి నేను. ఈ ముక్క ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మార్టూరులో రాయి పాలిష్ పట్టే చోట పని చేసినన్నాళ్ళూ టీ తాగే వేళ నా కథ ఇదే. చెప్పిన ప్రతిసారీ ఆసామి పొలం ఓ పదెకరాలు పెరిగేది, నేను ఓ జానెడు పొడుగయ్యేవాణ్ణి.

మొన్న మా అన్నయ్య మనవరాలు డిగ్రీ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. స్టాటిస్టిక్స్‌లో సంభావ్యత అనే పాఠమట. పుస్తకం నిండా నాణేలు, పాచికలు, పేకముక్కలు. ‘ఒకటి జరిగే అవకాశం సగం, ఇంకోటి జరిగే అవకాశం సగం. రెంటిలో ఏదో ఒకటి జరగడానికి సగం, సగం కలిపేస్తే నిండు ఒకటి అవ్వాలి కదా తాతయ్యా, కాదంటున్నారు’ అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు, ఆ కూడిక మీద. ఆ కూడికే మా అమ్మమ్మను నలుగురిలో దొంగగా నిలబెట్టింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. అందుకని ఈసారి, వీలైనంతవరకూ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనభైల మొదట్లో మాట. మా పేట ఊరికి ఒక పక్కగా, చర్చి చుట్టూ ఉండేది. పేటలో ఆడవాళ్ళంతా కూలికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ ముఠాకి మా అమ్మమ్మ మేస్త్రి. ఆసాములు మనుషుల్ని పిలిచేవారు కాదు, ముఠాని పిలిచేవారు. ఏ చేలోకి ఎవరు వెళ్ళాలి, ఏ సాలు ఎవరు పట్టాలి, చంటిపిల్లల తల్లికి ఏ గట్టు పక్క పని ఇవ్వాలి అన్నీ ఆవిడే చూసుకునేది. ముఠాకి ఉన్న ఆస్తల్లా పేరు ఒక్కటే. ఫలానా ముఠాలో చేతివాటం ఉందని ఒక ఆసామి అన్నాడంటే చాలు, చుట్టుపక్కల ఏ చేలోకీ పిలుపు ఉండదు. పత్తి ఏరడానికీ ఉండదు, మిరపకాయ కోతలకీ ఉండదు. పేట పేటంతా పొయ్యి దగ్గర చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

ఆ ఏడు వానలు ముందుగా పడ్డాయి. సంకర పత్తి విత్తనానికి ఎగబడ్డారు జనం. మా ఆసామికి గుంటూరులో ఓ కొట్టులో దొరికిందల్లా పాత సరుకు. ఆయన తెలివి తక్కువవాడేం కాదు. గుప్పెడు గింజల్ని తడి గోనెపట్టాలో చుట్టి పెట్టి, కొన్నాళ్ళకు విప్పి చూశాడు. సగం మొలకెత్తాయి. సగం ఉలకలేదు, పలకలేదు. కొట్టుకు వెళ్ళి గొడవ పెట్టుకుంటే కొట్టువాడు తొణక్కుండా ఓ ఉపాయం చెప్పాడట. పాదుకు ఒకటి పెట్టే చోట రెండు పెట్టించండి, సగం, సగం కలిస్తే ఒకటి, పాదుకో మొక్క ఖాయం అన్నాడట. మా ఆసామి ఆ మాట ఊళ్ళో అందరికీ చెప్పాడు. అందరూ తలలూపారు. నిజం చెప్పొద్దూ, మా అమ్మమ్మ కూడా ఊపింది. వినడానికి అంత నున్నగా ఉంది ఆ మాట.

నల్లరేగడిలో అటూ ఇటూ అచ్చు తోలి గీతలు పెట్టాక, ఆ గీతలు కలిసిన చోటల్లా ముఠా ఆడవాళ్ళు రెండేసి గింజలు పెట్టుకుంటూ పోయారు. ఆసామి గట్టు మీద గొడుగేసుకుని నిలబడే ఉన్నాడు. మొలక వచ్చింది. వచ్చిన చోట ముచ్చటగా వచ్చింది, కొన్ని పాదుల్లో జంట మొక్కలు కూడా లేచాయి. కానీ చేను పొడుగునా అక్కడక్కడా బోడి పాదులు. మొలవని ఖాళీలను మా వైపు పోగుంటలంటారు. ఆసామి సాళ్ళ వెంట తిరిగి చూసుకుని, నాలుగు పాదులకి ఒకటి చొప్పున పోగుంట తేలిందన్నాడు. కొట్టువాడి లెక్క ప్రకారం పాదుకో మొక్క ఉండి తీరాలి. లేదంటే గింజ పడలేదన్నమాట. గింజ పడలేదంటే కొంగులో పడిందన్నమాట.

ఇక్కడే నా రక్తం మరుగుతుంది. జంట మొలిచిన పాదు చూసి విత్తనం ఎంత బలమైందో అని మురిసిపోయాడా మనిషి. బోడి పాదు చూసి కూలిదాని చేతివాటం అన్నాడు. మొలిస్తే గింజ గొప్ప, మొలవకపోతే మనిషి దొంగ. పోనీ తవ్వి చూడమంటే, ఆ తడి రేగడిలో చచ్చిన గింజ ఎన్నాళ్ళుంటుంది? ఒక పాదులో కుళ్ళిన పెంకు కనిపిస్తే, ఇంకో పాదులో చీమలు తినిపోగా ఏమీ కనిపించలేదు. కనిపించని పాదునే పట్టుకుని కూర్చున్నాడాయన.

జీతగాడిచేత కబురు పెట్టించి అమ్మమ్మను ఇంటి వాకిట్లో నిలబెట్టాడు. ఏమే ముసలీ, నా గింజలు ఏ చేలో మొలిపిస్తన్నావు అని అడిగాడట. అమ్మమ్మ బైబిలు మీద ఒట్టేస్తానంది. ఒట్లు నాకెందుకు, లెక్క చెప్పు అన్నాడట. ఆదివారం లోపు గింజలు తెచ్చి ఇయ్యకపోతే ఊళ్ళో ఆసాములందరికీ చెబుతానన్నాడు. లేని గింజల్ని ఎక్కడి నుంచి తెస్తుంది? ఆవిడ ఇంటికొచ్చి గోడకు జారబడి కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. అంతకుముందు నేనెప్పుడూ ఆవిణ్ణి ఊరికే కూర్చోగా చూడలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇంతవరకూ ఎవరికి చెప్పినా, అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చిందని చెబుతూ వచ్చాను. నాకేమీ రాలేదు. నాకప్పుడు కూడికలే సరిగ్గా రావు. ఆలోచన వచ్చింది పక్కింటి అక్కకి. గుంటూరులో టీచరు ట్రైనింగు చదువుతూ సెలవులకు వచ్చి ఉంది. నన్ను పిలిచి ఇంటింటికీ వెళ్ళి అష్టాచెమ్మ పిక్కలు అడిగి పట్టుకు రమ్మంది. అంతే నా మొనగాడితనం.

అష్టాచెమ్మ ఆడేవాళ్ళకి చెప్పక్కర్లేదు. నల్లటి చింతపిక్కను రాతి మీద ఒక పక్క అరగదీస్తే లోపలి తెలుపు బయటపడుతుంది. నేలమీద వేస్తే తెల్లగా అయినా పడాలి, నల్లగా అయినా పడాలి. అక్క తెల్లగా పడితే గింజ మొలిచినట్టు, నల్లగా పడితే చచ్చినట్టు అనుకోమంది. ముఠా ఆడవాళ్ళందరూ మా వాకిట్లో చుట్టూ చేరారు. ఒక పిక్క వేసింది. సగం సార్లు నలుపు. అంటే పాదులో మొదటి గింజ చచ్చిన పాదులు సగం అని చెప్పింది. ఆ సగం పాదుల్లో రెండో గింజ ఏమవుతుంది? దానికీ అదే గతి, సగం బతుకుతుంది, సగం చస్తుంది. సగంలో సగం పావు. ఆ పావు వంతు పాదులు ఎవరేం చేసినా బోడిగానే ఉంటాయి. మరి పోయిన మొక్కలు ఎక్కడికి పోయాయి అని ముఠాలోనే ఉన్న మా పిన్ని అడిగితే, ఎక్కడికీ పోలేదు, జంట మొలిచిన పాదుల్లో రెండోదిగా నిలబడి ఉన్నాయి చూసుకో అంది. సగం, సగం కలిపేటప్పుడు కొట్టువాడు ఆ జంట పాదుల్ని రెండుసార్లు లెక్కేశాడు. ఒక్క పాదులో రెండు మొక్కలుంటే రెండు పాదులు నిండినట్టా?

మా పిన్ని, మరి ఇంత సులువైనది ఆయనకు తెలియదా అంది. తెలియకపోవడానికి ఆయనకు ఖర్చేముంది పిన్నీ, ఆ ఖర్చు మన మామ్మది అంది అక్క. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత అక్క చేసిన పని చూసి ఆడుకుంటోందేమో అనుకున్నాను. నేను తెచ్చిన పిక్కల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, మళ్ళీ మళ్ళీ వేసి చూస్తూ కూర్చుంది. అన్ని పిక్కలూ ఒకలా పడవు. కొన్ని మొండివి, ఎప్పుడేసినా నల్లమొహమే చూపిస్తాయి. కొన్ని తెల్లగానే నవ్వుతాయి. అవన్నీ పక్కన పడేసి, అటూ ఇటూ సమానంగా పడే రెండింటిని ఆసామి ముందు వేయించడానికి ఏరుకుంది. మా పిన్ని నల్లగా పడే పిక్కల్ని మళ్ళీ ముందుకు తోసింది.

“ఇయ్యి పట్టుకుపోవే. పోగుంటలు దండిగా పడితే ముసలాయన నోరు మూసుకుంటాడు.”

“అప్పుడు నిజంగానే దొంగలమవుతాం పిన్నీ” అంది అక్క.

మర్నాడు పొద్దున అందరం ఆసామి ఇంటికి వెళ్ళాం. ఊరు ఊరంతా అని ముందు రాశాను గానీ ముఠా ఆడవాళ్ళూ, జీతగాడూ, నేనూ, ఆయన ఇంటి ముందు కట్టేసిన గేదే తప్ప ఇంకెవరూ లేరు. ఆసామి అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. మేము కింద వాకిట్లో. అక్క పిక్కల్ని అరుగు అంచున పెట్టి, వెనక్కి జరిగి, సంగతి చెప్పింది. రెండు పిక్కలూ కలిపి వేస్తే ఒక పాదు. ఒక్కటి తెల్లగా పడినా పాదు నిండినట్టే. రెండూ నల్లగా పడితే పోగుంట. మీ లెక్క ప్రకారం పోగుంట పడకూడదు, వేసి చూడండి అంది. నువ్వే ఎయ్యి అన్నాడాయన. నేనేస్తే మా చేతివాటం అంటారు, మీరే వెయ్యాలండి అంది. ఆయన నవ్వాడు. నవ్వి, అష్టాచెమ్మ తెలియని తెలుగువాడు ఎవడుంటాడు, పిక్కలు చేతిలోకి తీసుకున్నాడు.

పాదు నిండితే ఒక కుప్పలోకి, పోగుంట పడితే ఇంకో కుప్పలోకి గులకరాయి వేయడం మా పిన్ని పని. ఆయన వేశాడు. తెలుపు, నలుపు. మళ్ళీ వేశాడు. రెండూ తెలుపు. మళ్ళీ, మళ్ళీ. రాళ్ళన్నీ ఒకే కుప్పలోకి పోతున్నాయి. రెండో చోట నేల ఖాళీగా ఉంది. అమ్మమ్మ వైపు చూడలేకపోయాను.

“ఏమ్మాయ్, ఏవి నీ పోగుంటలు?” అన్నాడాయన.

“చేను పెద్దదండి. ఇంకా మొదటి సాలు కూడా కాలేదు.”

అక్క మామూలుగానే అంది. చేతులు మాత్రం వెనక కొంగును మెలితిప్పుతున్నాయి, అది వెనక నిలబడ్డ నాకు కనిపించింది. ఆయన ఇంకోసారి వేశాడు. రెండూ నలుపు. మా పిన్ని రాయి వేసిన చప్పుడు అందరికీ వినపడింది. వెంటనే మళ్ళీ వేశాడు. మళ్ళీ రెండూ నలుపే. ఆయన మొహం చిట్లించి, ఇప్పుడేగా పడింది, మళ్ళీ ఎట్టా పడుద్ది అన్నాడు, పిక్కల్నే నిలదీస్తున్నట్టు.

“ముందు పాదులో ఏం జరిగిందో ఈ పాదుకి తెలవదండి” అంది అక్క.

ఆయనకు పట్టుదల వచ్చింది. వేస్తూనే పోయాడు. కాసేపు వరసగా నిండేవి, కాసేపు వరసగా బోడి. ఏదో ఒకసారి చూస్తే ఏమీ అర్థం కాదు, చాలాసేపు చూస్తే మాత్రం చిన్న కుప్ప మెల్లిగా ఒక రూపానికి వచ్చింది. ఎండ అరుగు మీదికి పాకింది. ఆయన చెయ్యి నొప్పెట్టి ఆపాక, అక్క జీతగాడిచేత రాళ్ళన్నీ నాలుగు వాటాలు వేయించింది. పోగుంటల రాళ్ళు సరిగ్గా ఒక వాటా అయ్యాయి. సరిగ్గా అని నేను చెబుతుంటాను గానీ, ఓ రెండు మూడు రాళ్ళు మిగిలాయి. మిగిలాయని ఆయన గట్టిగానే పట్టుకున్నాడు కూడా. లెక్క కొలతబద్ద కాదండి, కాస్త అటూ ఇటూ అవుతుంది, కానీ పావు చుట్టూనే తిరుగుతుంది అని చెప్పి అక్క ఒక్క అడుగు ముందుకేసింది.

“మీ చేలోనూ నాలుగింట ఒకటేనని మీరే అన్నారు. ఇక్కడ పిక్కలేసింది మీరు. మీ చేతిలోంచి మా మామ్మ ఏం తీసిందో చెప్పండి. నిజంగా గింజలు పట్టుకుపోయి ఉంటే ఇంతకంటే ఎక్కువ పాదులు బోడిగా ఉండాలి కదండీ?”

ఆయన రాళ్ళ వైపు చూశాడు. ఆమె వైపు చూడలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. సిగ్గుతో తల దించుకుని వెళ్ళాడని నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని కూడా ఒకటి రెండుసార్లు చెప్పాను, అది మరీ ఎక్కువ, తీసేస్తున్నాను. కాసేపటికి తడి చేతులు కండువాకి అద్దుకుంటూ బయటికి వచ్చాడు. మొహం కడుక్కుని వచ్చాడనుకున్నాను.

సరేలే, ఈసారికి వదిలేస్తన్నా, వెళ్ళి పోగుంటల్లో మళ్ళీ గింజలు పెట్టండి అన్నాడు.

చూశారా? వదిలేస్తున్నాడట. చెయ్యని తప్పును క్షమించడం కంటే పెద్ద అవమానం ఇంకోటి ఉందా? నేను కథ చెప్పేటప్పుడు ఆయన చేతులు జోడించాడని చెప్పేవాణ్ణి. జోడించలేదు. జోడించి ఉండాల్సింది, అందుకని జోడించినట్టు చెప్పాను. నా అబద్ధాల్లో నాకు సిగ్గనిపించనిది ఇదొక్కటే. కానీ మా అమ్మమ్మ కదల్లేదు. అప్పటిదాకా నోరు విప్పని మనిషి అప్పుడు విప్పింది.

“వదిలెయ్యడానికి నేను పట్టుకుపోయిందేందయ్యా? గింజ చచ్చిందని అనండి. మా ఆడోళ్ళు వినేటట్టు అనండి. అప్పుడు వస్తాం.”

చేలో వాన తడి పదును ఆరిపోతోంది. ఆ ఒక్క రోజు దాటితే పోగుంటలకు మళ్ళీ గింజ పెట్టినా లాభం లేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. గేదె తోక ఆడించుకుంటోంది. ఆయన దూలం వైపు చూస్తూ, గింజే చచ్చిందిలే అన్నాడు. అమ్మమ్మ కొంగు దోపుకుని, పదండే అంది. ఆ రోజు మధ్యాహ్నానికి ముఠా చేలో ఉంది. ఆ ఏడు మిరపకాయ కోతలకు మా పేటను ఎవరూ కాదనలేదు.

గుంటూరులో ఆ కొట్టువాణ్ణి మాత్రం ఎవరూ ఏ వాకిట్లోనూ నిలబెట్టలేదు. పాత సరుకు అమ్మినవాడు, తప్పు కూడిక నేర్పినవాడు హాయిగా కొట్లో కూర్చున్నాడు. దొంగతనం అంటగట్టడానికి ముసలిది చేతికి దగ్గరగా దొరికింది. ఇది తలుచుకుంటే ఇవాళ కూడా అన్నం సహించదు నాకు.

మనవరాలికి ఇదే చెప్పాను. నీ పుస్తకంలో నాణేలు ఎగరేసేవాళ్ళెవరూ ఓడిపోతే దొంగలవ్వరమ్మా, అందుకే ఆ పాఠం చప్పగా ఉంది. ఎవరైనా ‘ఖాయం’ అంటే, రెండూ నల్లగా పడితేనో అని అడగడం నాకు ఆ రోజు నుంచీ అలవాటు. పాలిష్ యూనిట్‌లో పలకలు పగిలినప్పుడు కుర్రాళ్ళను తిట్టబోయిన మేనేజరుకీ ఇదే అడ్డం పడ్డాను. ఎవరి తప్పూ లేకపోతే ఎంత పోతుంది? ముందు అది తేల్చు. దొంగను తర్వాత వెతుకుదువుగాని. నేను ఆ వాకిట్లోంచి తెచ్చుకున్నది ఇదీ, మా బీరువా అరలో ఉన్న ఆ రెండు చింతపిక్కలూ.

ఇదంతా రాసి, టీచరుగా రిటైరై తాడేపల్లిలో ఉంటున్న అక్కకి ఫోన్లో చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక, ఆసామికి నూరెకరాలెక్కడివిరా, పాతిక కూడా లేవు అంది. సరే, దిద్దుతానన్నాను. పిక్కలు ఆయన అరుగు మీదే ఉండిపోయాయి, నీ దగ్గరున్నవి ఎవరివో అంది. దానికీ సరేనన్నాను. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

“ఒరేయ్, సిగ్గుపడి లోపలికి పోయాడని రాశావు చూడు, అది కొట్టెయ్. మన పిక్కలు పట్టుకున్నాడని చేతులు కడుక్కోడానికి పోయాడు. చెంబు చప్పుడు నేను విన్నాను.”